గట్టు మీద రివర్సు

కాట్రేనికోన దగ్గర మా ఊరి రొయ్యల చెరువుల గట్టు ఎంత సన్నమంటే, దాని మీద వాలిన కాకి కూడా తిరిగే చోటు లేక వెనక్కి నడుస్తుంది. మేత బస్తాల ట్రాక్టరు లోపలికి రావాలంటే రోడ్డు నుంచి ట్రైలర్‌ని రివర్సులో తేవాలి. మగ డ్రైవర్లకి అది చేతకాదు. "గట్టు మెత్తగా ఉందండీ" అనేసి బస్తాలు రోడ్డు మీదే దింపేస్తారు. అక్కణ్ణుంచి ఆడవాళ్లు నెత్తిన మోస్తారు. మా కోడలు వీరదుర్గ వాళ్లలో ఒకతె.

ట్రాక్టరు ముందుకి తోలడం వీరదుర్గకి వచ్చు. "ట్రైలర్ని నేను వెనక్కి పెడతానండి" అని చెరువుల యజమాని ముత్యాలరాజుగారిని అడిగింది.

"నేర్చుకుని రామ్మా, పెడుదువుగాని" అని ఆయన నవ్వారు. "నా ట్రాక్టరు మీద మాత్రం నేర్చుకోకు. గట్టు తెగితే రొయ్యలన్నీ సముద్రానికి, పుట్టింటికి పోతాయి."

ఆ నవ్వుకి కోడలి కన్నా నాకే ఎక్కువ కోపం వచ్చింది. లారీ తోలిన చేతులివి. ముందు గేర్లు పడక ఒకసారి అమలాపురం నుంచి రావులపాలెం దాకా వెనక్కే వెళ్లాను. దారిలో జనానికి నేను వస్తున్నానో పోతున్నానో తెలియక సగం మంది దండం పెట్టారు, సగం మంది టాటా చెప్పారు.

"బండి ఇవ్వకపోతే బొమ్మ కొందాం పదమ్మా" అన్నాను.

అమలాపురంలో బొమ్మల కొట్టు శ్యామ్‌బాబు అడిగాడు: "మనవడికాండి, బాబాయిగారూ?"

"కోడలికి."

అతను రాళ్లెక్కే పెద్ద చక్రాల జీపు తీశాడు.

"మేం ఎక్కేది గట్టు బాబూ, హిమాలయం కాదు. దీనికి ట్రైలరేదీ?"

రెండోది ట్రైలరున్న లారీ, దీపాలతో, పాటతో వచ్చింది. వీరదుర్గ దాని తోక పట్టుకుని ఊపింది. కదల్లేదు. "ఇది ట్రైలరు కాదండి, బస్సు" అంది.

మూడోది చవక. మీట నొక్కితే చక్రాలు పూర్తిగా తిరిగిపోతాయి, వదిలితే తిన్నగా అయిపోతాయి. మధ్యలో కొంచెం అన్నమాటే లేదు. వెనక్కి నడిపితే ట్రైలర్ మడత మంచంలా ముడుచుకుంది.

"అచ్చం మీ అత్తగారి కోపమే" అన్నాను.

"కొంచెం కొంచెం తిరిగేది లేదాండీ?" అని కోడలు అడిగింది.

ఉంది. ధర విని నేనే రివర్సులో గుమ్మం దాకా నడిచాను. అప్పుడు శ్యామ్‌బాబు పై అరలోంచి చిరిగిన పెట్టె దించాడు. అందులోనూ ట్రైలరున్న లారీయే. రంగు వెలిసింది, దీపాల్లేవు. కానీ రిమోటుకి చిన్న చక్రం ఉంది. అది ఎంత తిప్పితే లారీ అంతే తిరుగుతుంది. ట్రైలర్ ఒక్క మేకు మీద వదులుగా ఆడుతోంది.

"ఇది పిల్లలు వద్దంటారండి. పాట పాడదు."

"మేం పాడుకుంటాం లేవయ్యా" అని చవగ్గా పట్టుకొచ్చాం.

వాకిట్లో కొబ్బరి మట్టలు పరిచి గట్టు చేశాం. "తోక ఎడమకి పోవాలంటే చక్రం కాస్త కుడికి తిప్పు. అది వంగగానే దాని వెంటే పో" అని నేర్పాను. పక్కింటి సూరిబాబు ఇకిలించాడు: "కోడలికి బొమ్మలిచ్చి ఆడిస్తున్నారేటండీ?"

"ఆయ్! నువ్వూ రా, నీకూ చెప్తాను."

మేత లోడు వచ్చిన రోజు, "నేర్చుకుని వచ్చానండి" అని రాజుగారికి చెప్పి, చీర మీద చొక్కా తొడుక్కుని వీరదుర్గ సీటెక్కింది. ట్రైలర్ గట్టెక్కిందో లేదో మగాళ్లందరూ మొదలెట్టారు: "కుడీ!" "ఎడం కొట్టమ్మా!" "ఆపాపు!" నేనూ ఊరుకోలేదు. ట్రైలర్ చక్రం అంచుకి జరిగింది. ఆమె ఇంజను ఆపేసింది.

"మీరందరూ అరుపులాపితేనే ఇది కదుల్తుందండి."

"గట్టు నాదమ్మా!" అన్నారు రాజుగారు.

"గట్టు మీదేనండి. స్టీరింగు నాదండి." నావైపు తిరిగింది. "మావయ్యగారూ, మీరూనండి."

నాతో సహా అందరూ ఆపాకే ఇంజను వేసింది. ఆమె కాస్త ముందుకి లాగి, తిన్నగా చేసుకుని, మళ్లీ వెనక్కి పట్టింది. షెడ్డు గుమ్మంలో ఆపింది.

"బాగుందమ్మా" అన్నారు రాజుగారు. "ఆ కిటుకేదో మన డ్రైవరుకి కూడా చెప్పు. తాళం ఇలా ఇయ్యి."

వీరదుర్గ తాళం చొక్కా జేబులో వేసుకుంది. "రేపటి లోడూ నేనే పెడతానండి. కాదంటే బస్తాలు ఆ డ్రైవరుగారినే మొయ్యమనండి."

వెనక ఆడవాళ్లు బస్తాల కోసం నెత్తిన పెట్టుకున్న గుడ్డ చుట్టకుదుళ్లు తీసి, ఒక్కొక్కటీ చెరువులోకి విసిరేశారు.

రాజుగారు తేలుతున్న ఆ గుడ్డలకేసి చూశారు. "లోడు పొద్దున్నే వస్తుందమ్మా, ఆలస్యం చెయ్యకు" అన్నారు.