అసిరమ్మ పలకని పేరు

మా అమ్మాయి రేఖ విజయనగరంలో సోషల్ వర్క్ పీజీ చదివి, ఒక పరిశోధనలో ఉద్యోగానికి కుదిరింది. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునే పనేమో అనుకున్నాను. తీరా చూస్తే ఊళ్ళు పట్టుకుని తిరగడం. పొట్ట చేతపట్టుకుని పరాయి ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు, చూసే దిక్కు లేని ముసలివాళ్ళు, ఒక్క గాలివానకి రోడ్డున పడే కుటుంబాలు, ఇలాంటివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళు ఎలా బతుకుతున్నారో అడిగి తెలుసుకోవాలట. ఈసారి వంతు శ్రీకాకుళం దాటి, ఒడిశా వైపు సముద్రం ఒడ్డున ఉన్న పల్లెలది.

సముద్రం అనగానే నాకు గుండె జారింది. ఆటో తిరగబడొచ్చు, కుక్క కరవొచ్చు, తెలియని ఇంట్లో మంచినీళ్ళు తాగి పిల్ల మంచం పట్టొచ్చు. నేనూ వస్తానన్నాను. పెళ్ళిచూపులకా తోడు రావడానికి అని రేఖ దెప్పింది. చివరికి ఆ పరిశోధన నడిపించే దేవేంద్ర సారే, రానివ్వమ్మా, కాకపోతే ప్రశ్నలడిగే చోట ఆవిడ నోరు విప్పకూడదు అన్నారట. నోరు కుట్టేసుకుని వెళ్ళాను.

అక్కడ అసిరమ్మ అని ఒకావిడ ఉంది. అరవై దాటినా మనిషి గట్టిది. కొడుకులు వేటకి వెళ్తారు, ఆవిడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. ఆ ఇంటి వెనక నీడలో ఇంకో ముసలావిడ కూర్చుని చేపలు ఏరుతోంది. కుడిచెయ్యి మణికట్టు దాకా వాచి ఉంది. అయినా ఎడమచేత్తో పని ఆపడం లేదు. ముఖం చూస్తే ఈ ఊరి మనిషిలా లేదు. ముక్కుకి రెండు వైపులా పెద్ద పుడకలు, మాటలో ఒడియా యాస.

రేఖ వాళ్ళ పనికి కొన్ని పద్ధతులున్నాయి. ముసలివాళ్ళని ఇంటివాళ్ళు లేని చోట, విడిగా అడగాలి. ఒకరి ఇంటి సంగతి పక్కింటివాళ్ళని అడగకూడదు. కార్డులు చూపించమనకూడదు, అడిగితే జనం బెదిరిపోతారు. నోటితో చెప్పిందే లెక్క.

రేఖ ముందు అసిరమ్మని అడిగింది, ఆ పెద్దామె మీకేమవుతుందని. మా ఇంటి మనిషే అంది. పేరేమిటని అడిగితే మాట్లాడలేదు. మళ్ళీ అడిగితే సముద్రం వైపు చూసింది. మూడోసారి అడిగేసరికి ఒళ్ళు మండినట్టుంది.

"పేరుతో నీకేటి పని? బువ్వెట్టినప్పుడు పేరెట్టి పిలిసి పెట్టాలేటి?"

తర్వాత రేఖ వెనక్కి వెళ్ళి పెద్దామె పక్కన కూర్చుంది. నేను కాస్త ఎడంగా నిలబడ్డాను. ఒడిశా నుంచి మొగుడితో పాటు ఎప్పుడో వచ్చిందట. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఎవరు చూస్తున్నారంటే ఇంటి వైపు చెయ్యి చూపించింది. ఈ ఇంటావిడ పేరేమిటి అని రేఖ అడగగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పేసుకుంది. ఇక ఎన్ని అడిగినా బాగున్నాను అన్న ఒక్క మాటే.

బస్సులో రేఖ ముఖం ముడుచుకుని కూర్చుంది. ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్న మనిషి పేరు కూడా ఇంటావిడకి తెలియదు. ఆ ఇంటావిడ పేరెత్తితే ఈవిడకి భయం. వాచిన చేత్తో చాకిరీ. నాకైతే అంతకన్నా ఘోరాలే తోచాయి. రాత్రిళ్ళు గదిలో పెట్టి తాళం వేస్తారేమో, తిండి పెట్టడం లేదేమో, రేపో మాపో ప్రాణం తీస్తారేమో. అన్నీ రేఖ చెవిలో వేశాను. రేఖ దేవేంద్ర సారుకి ఫోను చేసింది. ప్రమాదంలో ఉన్న మనిషి కనిపిస్తే రాసుకుని ఊరుకోవడం మన పని కాదని ఆయన అన్నారు. శ్రీకాకుళంలో ఒక వృద్ధాశ్రమం వాళ్ళతో మాట్లాడారు. ఒక మంచం ఖాళీ ఉందట. ఎల్లుండి వాళ్ళ వ్యానులో ఆయనే వస్తారు. రేఖ కాస్త ముందుగా వెళ్ళి పెద్దామెకి నచ్చజెప్పి ఉంచాలి.

ఇంటికి వచ్చి అన్నం కలుపుతుంటే నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ ఆశ్రమంలో ఆవిడ యాస ఎవరికి అర్థమవుతుంది? దాహమేసినా చెప్పుకోలేక పోతే? అదే రేఖతో అన్నాను.

"ఇందాక బస్సులో, అక్కడుంటే చంపేస్తారన్నావు కదమ్మా."

"ఆ భయమూ ఉంది, ఈ భయమూ ఉంది. ఒకటి వచ్చిందని రెండోది పోతుందా?"

రేఖ నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, తను ఆ రోజు రాసుకున్నదంతా మళ్ళీ చదువుకుంటూ కూర్చుంది.

అనుకున్న రోజున మేము వెళ్ళేసరికి వేటకెళ్ళిన పడవలు అప్పుడే ఒడ్డుకొస్తున్నాయి. అసిరమ్మ ఇంటి ముందు పాత వల పరిచి వేలెడంత నెత్తళ్ళ చేపలు ఎండబోసి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ లేరు, ఇద్దరూ చేపల కోసం ఒడ్డుకి వెళ్ళారట. ఆ మాట చెప్పింది ఎదురింటి కూర్మయ్య. ముసలాయన, పాక నీడలో వల బాగు చేసుకుంటున్నాడు. కూర్చోండని చాప జరిపాడు. పల్లెల్లో కొత్తవాళ్ళు కనిపిస్తే అడిగేవన్నీ అడిగాడు. ఏ ఊరు, ఎవరి తాలూకు, భూమేదైనా ఉందా.

"మీ ఇంటాయన పేరేటి తల్లీ?"

నేను రేఖ వైపు చూశాను. రేఖ వాళ్ళ నాన్న పేరు చెప్పింది. ఆయన తలూపి మళ్ళీ వలలో పడ్డాడు. ఇందులో వింతేముంది? బ్యాంకులోనైనా, ఆసుపత్రిలోనైనా నేనింతే. ఎవరూ లేకపోతే కాగితం మీద చూపిస్తాను గానీ ఆయన పేరు నోటితో అనను. కానీ రేఖ నా ముఖం వైపు అలా చూస్తూ ఉండిపోయింది, నాకేదో జ్వరం వచ్చినట్టు. నువ్వెందుకు చెప్పలేదని మెల్లగా అడిగింది. ఎలా చెబుతానే అన్నాను.

రేఖ చాప మీద కూర్మయ్యకి దగ్గరగా జరిగింది. పక్కింటి సంగతి అడగకూడదన్న నియమం ఉంది కదా, అది దాటకుండానే అడిగింది.

"తాతా, మీ వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు కాకుండా ఇంకెవరి పేరు పలకరు?"

ఆయనకి ఇది భలే ప్రశ్నలా తోచింది. సూది పక్కన పెట్టాడు. బావగారి పేరు పలకరన్నాడు. మామగారి పేరు పలకరన్నాడు. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"నేస్తం పేరు పలకరు. జగన్నాథుడి పెసాదం ఒకరి నోట ఒకరు పెట్టుకుని నేస్తం కట్టినాక ఆ పేరు నోట రానీకూడదు. దెబ్బలాడుకున్నా నేస్తం అనే తిట్టుకోవాలి. మా అసిరమ్మా, ఆ సుభద్రా లేరా? అలాగే."

మా ఊళ్ళోనూ నేస్తాలు కట్టుకునేవారు. మా అమ్మకీ ఒక నేస్తం ఉండేది. పేరు పలకకూడదన్న పట్టింపు మా వైపు ఎప్పుడో పోయింది. ఇక్కడ పోలేదు. కూర్మయ్య అడక్కుండానే మిగతాది చెప్పాడు. వాళ్ళిద్దరి మొగుళ్ళు ఒకే తెప్ప మీద వేటకెళ్ళేవారట. రథయాత్రకి నలుగురూ కలిసి వెళ్ళినప్పుడు ఆడవాళ్ళు నేస్తం కట్టుకున్నారు. సుభద్ర మొగుడు పోయాక వాళ్ళ వాళ్ళు ఒడిశా తీసుకుపోతామని వస్తే, అసిరమ్మ వాకిట్లో అడ్డంగా కూర్చుందట. అది మొదలు ఆ ఇల్లు ఇద్దరిదీ.

రేఖ చాప మీంచి లేచింది. వెంటనే సారుకి ఫోను చేసింది. వ్యాను ఊరి మలుపు దాకా వచ్చేసిందని ఆయన చెప్పారు. వచ్చాక మాట్లాడదామన్నారు.

వ్యాను వచ్చి ఆగింది. పక్కన ఆశ్రమం పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంది. జనం చేరారు. ఇంతలో ఒడ్డు నుంచి ఇద్దరూ వస్తున్నారు. తలమీద గంపతో అసిరమ్మ ముందు, వాచిన చెయ్యి గుండెకి ఆనించుకుని సుభద్ర వెనక. అసిరమ్మ చదువుకోలేదు, కానీ ఆ బండి ఏమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. గంప దించి దారికి అడ్డంగా నిలబడింది. ఇక రాళ్ళు పడతాయనుకుని నేను రేఖ చెయ్యి పట్టుకున్నాను. రేఖ విడిపించుకుని ముందుకి వెళ్ళింది.

"మామ్మా, తప్పు నాది. నేస్తం సంగతి తెలీక, మీరిద్దరూ పేర్లు చెప్పకపోతే ఇంకోలా అనుకున్నాను. ఈ బండి నా మాట మీదే వచ్చింది."

అసిరమ్మ దారికి అడ్డం తొలగలేదు. రేఖని కిందినుంచి పైదాకా చూసింది, అంతే. దేవేంద్ర సారు మాత్రం ఆ మాటకే వెనక్కి తిరగలేదు. నేస్తమైనా, సొంత చెల్లెలైనా, ఆ చెయ్యి వాచి ఉన్నది నిజమేననీ, ఉండాలా వెళ్ళాలా అన్నది పెద్దామే చెప్పాలనీ, అదీ ఎవరూ పక్కన లేకుండా చెప్పాలనీ అన్నారు. ఆయన అన్నదీ న్యాయమేననిపించింది నాకు. అసిరమ్మ ఒప్పుకోదేమో అనుకున్నాను.

"అడగండి. నేను వినకూడని మాట దాని నోట్లో ఏటున్నాదో నేనూ సూస్తాను" అని, వెళ్ళి కూర్మయ్య పాక దగ్గర మాకు వీపు పెట్టి నిలబడింది.

సారు సుభద్రతో ఓపిగ్గా మాట్లాడారు. మంచం, వేళకి భోజనం, వారానికొకసారి డాక్టరు ఉంటారని, వెళ్ళాలనుంటే ఈ ఊళ్ళో ఎవరూ ఆపలేరని, వద్దనుకుంటే బండి ఖాళీగా పోతుందని చెప్పారు. ఆవిడ అన్నీ శ్రద్ధగా వింది. డాక్టరు మంచివాడేనా అని అడిగింది. ఇప్పుడు బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతామా అని అడిగింది. అమ్మో, ఈవిడ వెళ్తానంటుంది. ఇన్నేళ్ళ నేస్తాన్ని వదిలి వెళ్తానంటే, అటు తిరిగి నిలబడ్డ ఆ మనిషి ఏమైపోతుంది? ఎంత గట్టి మనిషైనా అసిరమ్మ వీపు బిగుసుకుపోయి ఉండడం ఇక్కణ్ణుంచే తెలుస్తోంది.

సుభద్ర బండి దగ్గరికి నడిచి, అద్దంలోంచి లోపలికి తొంగిచూసింది.

"ఇందల ఎంతమంది పడతారు?"

ఆరుగురని సారు చెప్పారు.

"అయితే దాన్నీ ఎక్కించండి. నాకు జెల్ల సేప ముల్లు గుచ్చుకుని సెయ్యి వాసింది. దానికి మోకాళ్ళు. ఆసుపత్రికి రమ్మంటే సేపలెవురు సూస్తారని నన్నూ ఎళ్ళనివ్వదు, అదీ రాదు. ఇద్దరికీ సూపించి సందేళకి ఇక్కడ దింపేయండి. పడుకోడానికి మాకు ఇల్లున్నాది."

దేవేంద్ర సారు వ్యాను తలుపు ఆయనే తీశారు. అంత చదువుకున్నాయన అలా తలుపు పట్టుకుని నిలబడడం నాకు నచ్చింది.

కానీ అసిరమ్మ ఎక్కనంది. నాకే జబ్బూ లేదంది. సుభద్ర ఒడియాలో ఒక దండకం చదివింది. అసిరమ్మ తెలుగులో ఇంకోటి చదివింది. ఒకరి భాషలోకి ఒకరు దిగకుండానే ఇద్దరికీ అన్నీ అర్థమవుతున్నాయి. మధ్యమధ్య నేస్తం అన్న మాట మాత్రం ఇద్దరిదీ. చివరికి అసిరమ్మ మోకాళ్ళు పట్టుకుంటూనే వ్యాను మెట్టు దాకా వచ్చి ఆగింది. ఎండబోసిన నెత్తళ్ళ వైపు చూసింది. కొడుకులు ఒడ్డున పడవ పనిలో ఉన్నారు. అప్పుడు ఆవిడ కళ్ళు నామీద పడ్డాయి.

"నివ్వు ఖాళీయే కదా. కాకులు రాకుండా సూడు" అని ఒక వెదురు కర్ర నా చేతికిచ్చి ఎక్కేసింది.

రేఖ కూడా వాళ్ళతో వెళ్ళింది. నేను మిగిలాను, ముందు నెత్తళ్ళు, నెత్తిన ఎండ. జీవితంలో చేపలు కాపలా కాసినదాన్ని కాదు. కాకులతో పాటు నా ఆలోచనలూ దిగాయి. ముల్లు విషం చేతికెక్కిందేమో. డాక్టరు చెయ్యి తీసేయాలంటాడేమో. వ్యాను ఏ లారీకి గుద్దిందో. రేఖ ఫోను తియ్యడం లేదు. కూర్మయ్య వల మీంచి తలెత్తి నన్ను చూసి నవ్వాడు.

"మనుసులు తిరిగొస్తారు తల్లీ. కాకుల్ని సూడు."

కాకుల్ని చూశాను. ఒక్కదాన్ని వాలనివ్వలేదు. మధ్యలో ఎవరో గంజి తెచ్చి ఇస్తే తాగాను కూడా, తెలియని ఇంటిదైనా.

పొద్దు వాలుతుండగా వ్యాను వచ్చింది. సుభద్ర చేతికి తెల్లటి కట్టు ఉంది. లోపల విరిగి ఉండిపోయిన ముల్లు ముక్క తీశారట, ఇంకో వారం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నారట. అసిరమ్మకి మోకాళ్ళకి మాత్రలిచ్చారు. దిగగానే ఆవిడ నన్ను పలకరించలేదు. తిన్నగా వల దగ్గరికి వెళ్ళి, వంగి, నాలుగు నెత్తళ్ళు తిరగేసి చూసింది. ఎదురుగా ఉన్న సుభద్రతో నాకు వినపడకుండా ఏదో అంది. ఆవిడ నన్ను చూసి తలూపింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రేఖ చెప్పింది. ఇకమీదట ఏ ఇంట్లోనూ మొదటి రోజున పేర్లు అడగొద్దని సారు అన్నారట. ఎవరికి జబ్బు చేస్తే ఎవరు లేస్తారు, ఎవరు తినకపోతే ఎవరికి ముద్ద దిగదు, ముందు అవి అడగాలట. ఆ మాట రేఖే చెప్పిందనీ, ఆయన ఒప్పుకున్నారనీ నాకు తర్వాత తెలిసింది.

మూడోనాడు కట్టు మార్పించడానికి అదే వ్యానులో మళ్ళీ వెళ్ళాలి. నువ్వు రానక్కర్లేదమ్మా, ఎండ అని రేఖ అంది. ఆ వ్యాను నడిపేవాడు మలుపుల్లో కూడా వేగం తగ్గించడం లేదు, నేను స్వయంగా చూశాను. అదీకాక, వాళ్ళిద్దరూ ఆసుపత్రికి వెళ్తే ఆ నెత్తళ్ళు ఎవరు చూస్తారు?