వయసు తగ్గించే సూది

బంగారుపేటలో తెలిసినవాళ్ళ పెళ్ళి. భోజనాల పంక్తిలో క్యాథరిన్ పక్కన కూర్చున్న ముసలావిడ, కాస్త దూరంలో నిలబడి ఎవరితోనో కబుర్లాడుతున్న గాడ్విన్‌ను చూపించి అడిగింది.

"ఏమమ్మా, ఈయప్ప మీ తమ్ముడా?"

క్యాథరిన్ నోరు తెరిచేలోపే గాడ్విన్ ఆ మాట విన్నాడు. కాదనలేదు. "అక్కకి రొంత పప్పు వెయ్యప్పా" అని వడ్డించేవాడితో అని నవ్వాడు. తెలిసినవాళ్ళంతా నవ్వారు. క్యాథరిన్ కూడా నవ్వింది. ఆ తర్వాత విస్తట్లో ఏమేం పడ్డాయో ఆమెకు తెలియలేదు.

గాడ్విన్ ఆమె భర్త. ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద. రాబర్ట్‌సన్‌పేటలో వాళ్ళ పెళ్ళి జరిగినప్పుడు, కాకి ముక్కుకు దొండపండు అని వెనక వరుసలో ఎవరో అన్న మాట ఇద్దరి చెవులా పడింది. ఆయన పొట్టి, అప్పటికే పలచబడిన జుట్టు. ఆమె చర్చికి వచ్చిందంటే ఎవరు ఎంత కొత్త చీర కట్టుకున్నా అందరి చూపూ ఆమె మీదే. ఆమె ముందు నడిచేది, ఆయన సంచీ పట్టుకుని వెనక వచ్చేవాడు. ముప్పై ఏళ్ళు దాటినా ఆ వరుస మారలేదు. ఆమె దాన్ని గర్వం అనుకోలేదు, సంసారం అంటే అంతే అనుకుంది.

సూదుల సంగతి తెచ్చినవాడు సుందర్‌రాజ్. గాడ్విన్‌తో పాటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. యాభై దాటినవాళ్ళ ఫుట్‌బాల్ జట్టులో ఇద్దరూ ఆడతారు. బెంగుళూరులో ఒక క్లినిక్ ఉందని, అక్కడి డాక్టరు వయసును వెనక్కి తిప్పుతున్నాడని చెప్పాడు. పిల్లలు ఎదిగేందుకు ఒంట్లో పుట్టే హార్మోను వయసు పెరిగేకొద్దీ తగ్గిపోతుందట, దాన్ని బయటినుంచి ఎక్కిస్తే ముసలితనం ఆగుతుందట. గాడ్విన్ నమ్మాడు. పెన్నులాంటి సూదిని ఫ్రిజ్ తలుపులో దోసెపిండి గిన్నె పక్కన పెట్టుకుని, రోజూ పడుకునే ముందు పొట్టలో పొడుచుకునేవాడు.

క్యాథరిన్ మొదట ఎగతాళి చేసింది. కొన్ని నెలలకు ఎగతాళి ఆగిపోయింది. ఆయన పొట్ట లోపలికి పోయింది. భుజాలు వెడల్పయ్యాయి. చెంపల మీద చర్మం బిగిసింది. పాత చొక్కాలు ఎవరికో ఇచ్చేసి, ఒంటికి అతుక్కునే టీషర్టులు కొన్నాడు. చర్చి నుంచి బయటికి వస్తుంటే ఆడవాళ్ళు ఆయన్ని ఆపి, "ఏమి తింటా ఉండావప్పా?" అని అడిగేవాళ్ళు. క్యాథరిన్ ఆయన సంచీ పట్టుకుని పక్కన నిలబడేది.

ఆయనకు ఎవరైనా ఉన్నారేమోనని ఆమె కొన్నాళ్ళు ఫోను వెతికింది. ఫుట్‌బాల్ స్కోర్లు తప్ప ఏమీ లేవు. ఇంకో ఆడది ఉండి ఉంటే ఇంతకంటే నయమనిపించింది. దాన్నయినా తిట్టొచ్చు. అద్దం ముందు మెడ తిప్పి తిప్పి చూసుకుంటున్న ఈ మనిషిని ఏమని తిట్టాలి?

పెళ్ళినుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఆమె అడిగేసింది.

"ఆ సూది నాకూ వేయించు."

"నీకెందుకు?" అన్నాడు గాడ్విన్, టీవీ మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "ఈ వయసులో నీకు ఇంగ అందమెందుకు?"

"నీకెందుకో నాకూ అందుకే."

ఆయన టీవీ ఆపాడు. "ఇన్నేండ్లు నీ పక్కన నిలబడినాను. నన్ను ఎవరన్నా చూసినారా? నేనేమన్నా అన్నానా? ఇప్పుడు రొంత మంది నన్ను చూస్తా ఉండారు. ఓర్చుకోలేవా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఓర్చుకోలేనని ఆమెకు ఆ క్షణానే తెలిసింది.

మరుసటి వారం ఆయన, పాత బంగారు గనుల మట్టి పోసిన సయనైడ్ దిబ్బ పక్కనున్న గ్రౌండుకు ఆటకు పోయినప్పుడు, ఆమె ఫ్రిజ్ తెరిచి పెన్ను తీసింది. వేసుకోవడం చూసి చూసి నేర్చుకున్నదే. పొట్ట మీద చీమ కుట్టినట్టయింది. పెన్ను చివర మోతాదు అంకెను ముందే ఆయన వేసుకునేదానికి రెండింతలకు తిప్పి పెట్టుకుంది. వెనకబడింది కదా, అందుకోవాలి.

అట్లా ఆయన ఆటకు పోయినప్పుడల్లా. మందు తొందరగా అయిపోతుంటే, క్లినిక్‌వాళ్ళు తక్కువ నింపి మోసం చేస్తున్నారని గాడ్విన్ ఫోనులో గొడవపడ్డాడు. ఆమె పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది.

ముఖం కొంచెం నిండుగా కనిపించసాగింది. ఆమె సంతోషపడింది. అది నీరు చేరడమని ఆమెకేం తెలుసు? కాళ్ళు ఉబ్బాయి, కీళ్ళు నొప్పులు, ఉంగరం వేలిలో ఇరుక్కుపోయింది. బాగా దాహం. ఒంట్లో వయసు వెనక్కి తిరుగుతోంది కాబట్టి ఇదంతా మామూలేననుకుంది. ఆమె పనిచేసే స్కూల్లో పక్క తరగతి టీచరు ప్రేమ ఒకసారి, "ఏమి క్యాథరినక్కా, ముఖం ఊదినట్టు ఉండాది?" అంటే, అసూయతో అంటోందనుకుని రెండు రోజులు మాట్లాడలేదు.

ఒక ఉదయం బోర్డు మీద లెక్క రాస్తుంటే సుద్దముక్క చేతిలోనుంచి జారిపోయింది. తీసుకుని మళ్ళీ రాయబోయింది. మళ్ళీ జారింది. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. వంగి తీసుకోబోయి, అక్కడే కూలబడిపోయింది. ప్రేమ ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయి, గాడ్విన్‌కు ఫోన్ చేసింది.

డాక్టరు నయన కోలారు మనిషి, చిన్న వయసే. రిపోర్టు చూసి, "షుగర్ మూడు వందలు దాటుండాది. ఏమన్నా మందులు తీసుకుంటా ఉండారా అమ్మా?" అని అడిగింది. క్యాథరిన్ గాడ్విన్ వైపు చూసి, లేదంది. డాక్టరు ఆయన్ని బయట కూర్చోమంది. అప్పుడు క్యాథరిన్ సూది సంగతీ, అడిగితే తన అమ్మకు షుగర్ ఉండేదన్న సంగతీ చెప్పేసింది.

"ఆ హార్మోను నిజంగానే తక్కువుండే జబ్బు ఒకటుండాది. వాళ్ళకి అది మందు," అంది నయన. "ఊరికే వయసైనవాళ్ళకి కాదు. కండ పెరిగినట్టు కనిపిస్తాది, బలం మాత్రం అంతగా పెరగదు. నీరు చేరతాది, మణికట్టులో నరం నొక్కుకుంటాది, షుగర్ ఎక్కుతాది. లోపల యాడన్నా తెలియని గడ్డ ఉంటే దాన్నీ పెంచొచ్చు. మీ అమ్మకి షుగర్ ఉన్నిందంటిరి కదా, మీకు ఇంగా తొందరగా వచ్చేసింది."

"వయసు తగ్గదా?"

"తగ్గినట్టు ఇంతవరకు ఎవరూ రుజువు చెయ్యలేదమ్మా."

క్యాథరిన్ వేలిలో ఇరుక్కున్న ఉంగరాన్ని లాగి చూసింది. తర్వాత, "బయట కూర్చున్నాడే, ఆయనకి కూడా టెస్టు చెయ్యండి. ఆయనా వేసుకుంటాడు," అంది. ఆ మాట ఆయన మీద దిగులుతో అన్నదో, తనకు లేనిది ఆయనకూ ఉండకూడదని అన్నదో ఆమెకే తెలియలేదు. అంటున్నప్పుడు నాలుక తియ్యగా మాత్రం అనిపించింది.

గాడ్విన్‌కూ షుగర్ వచ్చింది. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, మోకాళ్ళ నొప్పికి నిద్ర పట్టడం లేదని డాక్టరు అడిగితే ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. సూది ఆపక తప్పలేదు.

"నా మందు దొంగిలించి, నన్నే పట్టించినావు," అన్నాడు ఆటోలో. అంతే. ఆ తర్వాత చాలా రోజులు అన్నం పెట్టమనడం తప్ప ఇంకో మాట లేదు.

ఆమె వేళ్ళు మెల్లగా మామూలయ్యాయి, షుగర్ బిళ్ళలతో తగ్గుతూ వచ్చింది. ఆయన భుజాలు దిగాయి, పొట్ట మళ్ళీ బయటికొచ్చింది. చర్చి దగ్గర ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. స్టాఫ్ రూములో క్యాథరిన్ ప్రేమతో చెప్పింది.

"ఆయన పొట్ట చూస్తే నాకు సంతోషంగా ఉండాది. పాపం కదా?"

"పాపమే. అయితే ఏమి చేస్తావు, వస్తే వస్తాది. ఆయనకి కనిపించనీయొద్దు," అంది ప్రేమ.

కానీ ఒక ఆదివారం, గాడ్విన్ ఆట బూట్లు వేసుకోబోయి, పొట్ట అడ్డంపడి లేసులు అందక, అట్లాగే మంచం మీద కూర్చుండిపోవడం ఆమె చూసింది. ఆమె అనుకున్న సంతోషం రాలేదు. కింద కూర్చుని లేసులు కట్టింది. ఆయన వద్దనలేదు.

"నేనూ వస్తాను పద," అంది.

ఆయన కొద్దిసేపే ఆడగలిగాడు. రొప్పుతూ వచ్చి గట్టు మీద ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమె నీళ్ళ సీసా ఇచ్చింది. గ్రౌండులో సుందర్‌రాజ్, ముప్పై ఏళ్ళవాడిలా బిగిసిన ఒంటితో, ఇద్దర్ని తప్పించుకుని గోలు కొట్టాడు. గట్టు మీదున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"వాడు ఇంగా ఆపలేదు," అన్నాడు గాడ్విన్.

"చెప్పలేదా నువ్వు?"

"చెప్పినాను. నీకు ఓర్వలేనితనం అన్నాడు."

క్యాథరిన్ సుందర్‌రాజ్ చేతుల్ని, వాటి మీద మెరుస్తున్న చెమటను చూసింది.

"చూడొద్దు," అన్నాడు గాడ్విన్.

"నువ్వూ చూడొద్దు," అంది ఆమె.

ఆట అయ్యేవరకు ఇద్దరూ అతన్నే చూస్తూ కూర్చున్నారు.