ద్వాలి అవ్వ అడిగిన చెంబు

పదకొండింటికి డాక్టర్ శ్యామల వస్తుంది. వస్తే ద్వాలి అవ్వకు మూత్రం గొట్టం వేస్తుంది. ఒకసారి గొట్టం పడిందంటే అవ్వ ఇక మంచం దిగదని నర్సు వనజ భయం. పినపాక దాటాక అడవి అంచున ఉన్న ఆ వృద్ధాశ్రమంలో అలా మంచానికి అంటుకుపోయినవాళ్లను ఇద్దరిని ఆమె ఇప్పటికే చూసింది.

పక్షవాతంతో అవ్వకు మాట పడిపోయింది గానీ, ఎవరైనా భుజం ఇస్తే నడుస్తుంది. అయినా రోజుకు నాలుగుసార్లు బట్టలు తడుపుకుంటుంది. తడిసిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతుంది. వనజ చేయని సేవ లేదు. అవ్వ కిటికీలోని స్టీలు చెంబు వైపు చేయి చాపితే చాలు, దాహమనుకుని గ్లాసు నిండా తాగించేది. ముసలివాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గకూడదని ఖమ్మంలో నర్సింగు చదివి వచ్చిన పిల్ల మరి.

ఆ ఉదయం కూడా అవ్వ చేయి చాపింది. వనజ గ్లాసు అందుకోబోతుంటే, వంట చేసే గంగక్క గుమ్మంలో నిలబడి నవ్వింది.

"నీళ్లెందుకు తాపుతున్నవ్ బిడ్డా? చెంబు వట్టుకొని మనిషి యాడికి పోతదో ఎరుక లేదా?"

కుళాయి ఉన్న బాత్రూమే ఎరిగిన వనజకు ఒక్క క్షణం ఏమీ తట్టలేదు. తట్టాక గ్లాసు వైపు చాపిన చేయి వెనక్కి తీసుకుంది. మూడు నెలలుగా అవ్వ బయటికి పోతానని చెప్తూనే ఉంది. చెప్పిన ప్రతిసారీ తను ఇంకో గ్లాసు పోసింది.

"జల్దీ లే అవ్వా, పోదాం."

చెంబు నింపి ఒక చేత్తో పట్టుకుంది, రెండో చేత్తో అవ్వను పట్టుకుంది. వరండా సగం దాటేసరికి గేటు దగ్గర డాక్టరు కారు ఆగింది. వనజ అటు తిరిగి చూసింది. అవ్వ మాత్రం ఎవరినీ చూడలేదు, పళ్లు బిగించి అడుగులు వేసింది. మరుగుదొడ్డి తలుపు దాకా చేరారు. చెంబు లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది.

అవ్వ బయటికి వచ్చేసరికి శ్యామల చేతిలో గొట్టంతో ఎదురుగా నిలబడి ఉంది.

"బట్ట పొడిగనే ఉంది మేడం, చూడుండ్రి," అంది వనజ.

శ్యామల అంతా విని గొట్టం తిరిగి సంచిలో పెట్టింది. "వారం చూద్దాం. ఎన్నింటికి పోతుందో టైం రాయి. నీళ్లు తాగించుడు మాత్రం ఆపకు."

డాక్టరు వెళ్లాక వనజ అవ్వ ముందు కూర్చుంది. "నాదే తప్పు అవ్వా. మాఫ్ చెయ్."

అవ్వ బాగున్న చేత్తో ఆమె చెంప మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది. వేసిన చేతిని తీయకుండా, చాలాసేపు ఆ చెంపనే నిమిరింది.