లైను ఆపిన సంగతి

మందుల సీసాలు నింపే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె ఉద్యోగాల వేటలో పడింది. అక్కడ ఆమెది నాణ్యత తనిఖీ పని. రెజ్యూమే నాలుగు పేజీలు. బడిలో వచ్చిన వ్యాసరచన బహుమతితో సహా, పుట్టుమచ్చలు తప్ప అన్నీ రాశావని భర్త నవ్వేవాడు. ఎన్ని చోట్లకు పంపినా ఉలుకూ పలుకూ లేదు.

చివరికి భర్తే తన చెల్లెలికి చూపించమన్నాడు. ఆ చెల్లెలు ఒక పెద్ద కంపెనీలో, వచ్చిన దరఖాస్తులను వడపోసే పనిలో ఉంది. వదినా ఆడపడుచులకు అంతగా పొసగదు. పెళ్లయిన కొత్తలో ఏదో మాట మీద వచ్చిన ఎడం అలాగే ఉండిపోయింది. అడగడం నామోషీగానే ఉన్నా, ఇంట్లో ఖాళీగా కూర్చోవడం అంతకంటే కష్టంగా ఉంది.

ఆదివారం ఆడపడుచు వచ్చి, సోఫా మీది ఉతికిన బట్టలు పక్కకు జరిపి కూర్చుంది. టీ చల్లారకముందే నాలుగు పేజీలూ తిరగేసి కింద పెట్టేసింది.

"నా టేబుల్ మీదికొచ్చినా ఇది పక్కన పెట్టేసేదాన్నే వదినా. నువ్వు ఏ సీట్లో ఉన్నావో రాశావు గానీ, ఏం చేశావో ఎక్కడా లేదు."

ఆమెకు చురుక్కుమంది. అయినా తమాయించుకుని, ఏం రాయాలో చెప్పమంది. రోజూ ఏం చూసేది, ఏ తప్పు పట్టుకుంది, పట్టుకున్నాక ఏమైంది అని ఆడపడుచు గుచ్చి గుచ్చి అడిగింది. మాటల్లో మాటగా, సీసాల మూతలు వదులుగా వస్తున్నాయని ఒకసారి తను లైను ఆపేసిన సంగతి బయటికొచ్చింది. మేనేజరు అందరి ముందూ నానా మాటలూ అన్నాడట. తీరా చూస్తే మూతలు బిగించే యంత్రంలో ఒక భాగం అరిగిపోయి ఉంది. సరుకు గోడౌను దాటకముందే సరిచేశారు. ఆమె లెక్కలో అది తిట్లు తిన్న రోజు, అంతే.

"అదే అన్నిటికంటే పైన ఉండాలి," అంది ఆడపడుచు.

తేదీల దగ్గర మాత్రం మాటా మాటా పెరిగింది. భర్త కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఆమె ఏడాదికి పైగా పని మానేసింది. ఆ ఖాళీ కనబడకుండా తేదీలు అటూ ఇటూ జరిపింది. ఆడపడుచు ఇట్టే పట్టేసింది.

"ఇంట్లో కూర్చున్నానని రాస్తే ఎవరు పిలుస్తారు?"

"కూర్చోలేదుగా. అన్నయ్యను లేపి నడిపించావు. నేను చుట్టపుచూపుగా వచ్చి వెళ్లాను."

వంటింట్లో భర్త గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. ఆమె తేదీలు సరిచేసి, ఇంట్లో మనిషిని చూసుకోవడానికి ఉద్యోగం మానేశానని ఒక్క వాక్యం రాసింది. బహుమతులన్నీ ఎగిరిపోయాయి. ఒక్క పేజీ మిగిలింది. ప్రకటనలో ఏమడిగారో చూసి, తనకు నిజంగా వచ్చినవి ముందుకు తెచ్చి, ప్రతిచోటికీ విడిగా మార్చి పంపింది.

మొదటి రెండు చోట్లా మళ్లీ మౌనమే. మూడోది షాంపూ కంపెనీ; ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కడి పెద్దావిడ లైను సంగతి మొత్తం చెప్పించుకుని, ఇక్కడ కూడా అలాగే ఆపుతారా అని అడిగింది.

"ఆపుతానండీ. ఆపిన వెంటనే మీకు చెప్తాను."

ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు కాదు, ఏడాది ఒప్పందం. సంతకం పెట్టేముందు కాగితం తనకొకసారి పంపమంది ఆడపడుచు. ఫోనులో ఇద్దరూ ఒక్కో షరతూ చదువుకుంటూ, మధ్యలో వేరే కబుర్లలో పడి, చాలాసేపు మాట్లాడుకున్నారు.