చప్పుడు కాని తిండి

"తీపి ముట్టనే ముట్టనంటాండావు. షుగర్ చూస్తే మూడు నూర్లు దాటి కూచునుండాది. అబద్ధం నువ్వు చెప్తాండావా, ఈ చీటీ చెప్తాందా?"

కల్యాణదుర్గం ఆసుపత్రిలో నర్సు కృపాకుమారి అలా అడిగేసరికి గంగాదేవి తల వంచుకుంది. కాలి బొటనవేలి పుండుకి మూడు నెలలు. "వచ్చే నెలకు షుగర్ దిగకపోతే ఆ వేలు తీసేయాల్సొస్తాదక్కా," అని దాచకుండా చెప్పేసింది నర్సు. "ఆకలి పట్టుకోవద్దు. పదకొండుకు గుప్పెడు వేయించిన చెనిక్కాయలు, నాలుగుకు దోసకాయ ముక్కలో, వేయించిన శనగలో తిను. అన్నీ ఇంట్లో ఉండేటివే కదా, ఏం కష్టం?"

కష్టమేమిటో నర్సుకెలా తెలుస్తుంది? కంబదూరు బస్సులో కూచున్నంత సేపూ గంగాదేవికి అదే లెక్క. ఇంట్లో శనక్కాయల మూటలున్నాయి, డబ్బాలో శనగలున్నాయి. చిక్కల్లా ఒకటే, నమిలితే చప్పుడవుతుంది!

నవ్వొస్తుందేమో మీకు. కాపురానికొచ్చిన కొత్తలో ఒకనాడు పదకొండింటికి ఆకలి తట్టుకోలేక వంటింట్లో నాలుగు శనక్కాయలు నోట్లో వేసుకుంది. బయట అరుగు మీద మొగుడు వెంకటరాముడు, అతని స్నేహితులు. నడవలోంచి అత్త కేకేసింది. "ఏమే, లోపల ఎలక చేరిండాదా?" అరుగంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వినవాడు వెంకటరాముడే. "ఎలక కాదుమ్మా, నీ కొత్త కోడలు!"

ఆ ఇంట్లో మగవాళ్లు తినకముందు ఆడది ముద్ద ముట్టకూడదు. వెంకటరాముడు అరుగు దిగి సంగటి ముందుకొచ్చేసరికి మూడవుతుంది. కోడి కూసినప్పుడు లేచి కళ్లాపి, పేడ, బిందెలు, పొయ్యి. కడుపు ఊరుకుంటుందా? అందుకని చప్పుడు కాని తిండి నేర్చుకుంది. నాలుక మీద కరిగే బెల్లం, అరటిపండు, చక్కెర నీళ్లలో నానేసిన బొరుగులు, గిన్నె అడుగున మిగిలిన పాయసం. తలుపు చాటున, నడవకు వీపు తిప్పి, రెండు గుటకలు. ఇరవై రెండేళ్లు! నర్సుతో ఆమె అబద్ధమేమీ ఆడలేదు. నిలబడి మింగింది కూడా తిండి కిందికి వస్తుందని ఆమెకే తోచలేదు పాపం.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచి ఒకచోట కాలు నిలవలేదామెకు. గుప్పెడు కాయలు వేయించి కొంగున కట్టుకుని, నమలడానికి జాగా వెతకడమే పని. కొట్టంలోకి పోతే అక్కడ అత్త గేదె దగ్గర. పెరట్లోకి పోతే గోడవతల పక్కింటామె. "ఏమక్కా, ఏమి తింటాండావు?" అనగానే మూట గబుక్కున దాచేసింది. ఛీ! నలభై దాటిన ఆడది, నాలుగు కాయలకు దొంగ కావాలా? కోపమొచ్చింది, కోపం వెనకే ఏడుపొచ్చింది. మూడు రోజులూ ఆ కాయలు కొంగులోనే మెత్తబడిపోయాయి.

నాలుగో రోజు పదకొండయింది. ఆకలి మండిపోయింది. ఏం చేస్తోందో తెలిసేలోపు బెల్లం ముక్క నోట్లో ఉంది. థూ అని పొయ్యిలో ఉమ్మింది. వేలికి చుట్టిన గుడ్డ మీద ఈగ వాలింది. అదిలించింది. మళ్లీ వాలింది. గంగాదేవి చాలాసేపు ఆ వేలినే చూసింది.

కొత్తగా గుప్పెడు కాయలు వేయించి, పళ్లెంలో పోసుకుని తిన్నగా అరుగు మీదికి పోయింది. వానెప్పుడొస్తుందో, విత్తనం ఎప్పుడెయ్యాలో స్నేహితుడు బాలప్పతో మాట్లాడుతున్నాడు వెంకటరాముడు. వాళ్లకెదురుగా కూచుని గింజ కొరికింది. కరకరమంది. మాటలాగిపోయాయి. బాలప్ప ముఖం తిప్పుకున్నాడు. నడవలో అత్త నోటికి చేయడ్డం పెట్టుకుంది.

"ఏందే ఇది, నలుగురిలో? లోపలికి పోయి తినగూడదా?" అన్నాడు వెంకటరాముడు పళ్లు బిగించి.

గంగాదేవి నోట్లోది పూర్తిగా నమిలి మింగింది. తొందరేమీ పడలేదు.

"లోపలైతే నేను తినేది బెల్లం," అంది. "మీకెవరికీ ఇనపడకుండా తినీ తినీ కాలు పోగొట్టుకుంటాండా. ఇంగ ఇనపడేటట్టే తింటా."