నాన్న కారుకు టర్బో

ఆయనతో కాపురం ఎవరికైనా కష్టమే. జేబుల నిండా బోల్టులు. ఉతికే ముందు దులపకపోతే వాషింగ్ మెషిన్ పాడు, దులిపితే ఫలానా వాషర్ ఏదంటూ ఇల్లంతా సోదా. పైగా చెవులు సగమే పనిచేస్తాయి. ముప్పై ఏళ్ళు రేకులు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేసి, సన్నని చప్పుళ్ళన్నీ అక్కడే వదిలేసి వచ్చారు. అందుకే ఏ బండి బాగుచేసినా భార్యను పిలిచి పక్కన నిలబెట్టుకుని, జ్వరం వచ్చిన పసిపిల్ల సంగతి అడిగినట్టు "ఏమంటోంది?" అనేవారు. బెల్టు కీచుమంటోందనో, బేరింగు గరగరమంటోందనో ఆమె చెప్పేది. ఒక్కసారీ గురి తప్పలేదు.

రిటైరయ్యాక ఆయన కన్ను ఆమె కారు మీద పడింది. ఆ ఇంట్లో ఆమెది అని చెప్పుకోదగ్గది అదొక్కటే. వాళ్ళ నాన్న పోయాక మిగిలిన కారు. నాన్న కూర్చుని కూర్చుని సీటులో పడ్డ గుంట ఇంకా పూడలేదు. మార్కెట్టు ముందరి ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతోందని, టర్బో బిగిస్తే ఎగిరిపోతుందని ఈయన వాదన. ఇన్నాళ్ళూ తన ఊపిరి తానే పీల్చుకున్న ఇంజనుకు గాలిని బలవంతంగా కుక్కడమన్నమాట. పిస్టన్లు మార్చకుండా ఆ పని చేస్తే లోపల కొట్టుకుని చస్తుందని లేత్ పనిచేసే స్నేహితుడు హెచ్చరించాడు. ఆమె కూడా స్నేహితుడి మాటే వినమంది.

"ఇంజన్ల సంగతి నీకెందుకే? నువ్వు చెవులిస్తే చాలు" అన్నారు ఈయన.

స్నేహితుడు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పాత పిస్టన్లతోనే టర్బో బిగించారు. ఇంజను కొట్టుకుంటే డబ్బాలో గులకరాళ్ళు ఆడినట్టు చప్పుడొస్తుందని, అది వినబడితే వెంటనే చెప్పమని, గాలి తగ్గిస్తానని మరీ మరీ చెప్పారు. వారం రోజులు కారు నిజంగానే ఎగిరింది. సోమవారం ఎత్తులో గులకరాళ్ళు ఆడాయి. పక్క సీటులోంచి ఆయన అలవాటుగా అడిగారు. ఏమీ అనడం లేదంది. ఆయన తనంతట తానే విని నాలుక కరుచుకోవాలని ఆమె పంతం. వినబడని మనిషి ఎలా వింటాడన్న ఆలోచన ఆ పంతానికి రాలేదు. మంగళవారం రాళ్ళు పెద్దవయ్యాయి. బుధవారం ఆమె రేడియో పెంచింది.

గురువారం కారు ఎత్తు మధ్యలో దగ్గి, నీలం పొగ కక్కి, ఆగిపోయింది.

షెడ్డులో ఇంజను విప్పితే మూడో పిస్టన్‌కు వేలు పట్టేంత చిల్లు. సిలిండరు గోడ చీరుకుపోయింది. ఈ ఇంజన్ల తయారీ మానేసి ఏళ్ళయిందని, ఇక తుక్కేనని చెప్పి స్నేహితుడు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆయన పిస్టన్ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. మొదట పెట్రోలును తిట్టారు. తర్వాత టర్బో అమ్మినవాణ్ణి.

"కొట్టుకోలేదు, అది మాత్రం ఖాయం" అన్నారు చివరికి. "కొట్టుకుని ఉంటే నీకు వినబడేది."

తిట్టి ఉంటే తట్టుకునేది. ఆమె ఎదురుగా వెళ్ళి, ఆయనకు వినబడేంత గట్టిగా చెప్పింది.

"కొట్టుకుందండీ. సోమవారం నుంచీ కొట్టుకుంది. విన్నాను. మీరడిగితే లేదన్నాను. తప్పు నాదే."