నెపం చింతచెట్టు మీదికి

పొద్దున ఏడు గంటలకు సోమల వైపు నుంచి పుంగనూరుకు వెళ్లే ఆటోలను మీరు చూసే ఉంటారు. ఒళ్లో అన్నం క్యారియర్లు, కాళ్ల దగ్గర తాపీలు, గమేళాలు, ఆరుగురు పట్టే చోట పదిమంది. వాళ్లను పనికి పిలిచేది కాంట్రాక్టరు కాదు, వాళ్ల ఊరి మేస్త్రీ. ఆ మేస్త్రీ ఒకరికి అన్న, ఇంకొకరికి మామ. కాగితం ఉండదు, హాజరు పట్టీ ఉండదు. చుట్టరికమే వాళ్ల అపాయింట్‌మెంట్ ఆర్డరు. ఆ చుట్టరికం పూలమ్మ సంసారాన్ని ఎలా ముంచిందో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

పూలమ్మ, ఆమె భర్త మునెప్ప ఇద్దరూ గోడలు కట్టే బేల్దారి పనికి వెళ్లేవాళ్లు. మేస్త్రీ రెడ్డెప్ప ఆమెకు పెద్దమ్మ కొడుకు. మూడేళ్ల కిందట, ఆషాఢంలో, పుంగనూరులో ఒక కల్యాణ మండపం గోడకు సిమెంటు పూత పూస్తుండగా, నిలబడి పని చేసే కర్రలకు కట్టిన తాడు తెగింది. మూడో అంతస్తు ఎత్తు నుంచి మునెప్ప ఇటుకల కుప్ప మీద పడ్డాడు. అంతకు వారం ముందే అతను నడుముకు బెల్టు అడిగాడు. "సర్కసుకు వచ్చినావా అప్పా?" అని కాంట్రాక్టరు నవ్వాడు.

మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోతుంటే రెడ్డెప్ప ఆటోలోనే పూలమ్మ చేతులు పట్టుకున్నాడు.

"అమ్మీ, పని కాడ పడినాడని మాత్రం చెప్పొద్దు. పోలీసు కేసైతే ముందు నన్నే లోపలేస్తారంట. ఇప్పుడే కాంట్రాక్టరు ఫోన్ చేసినాడు. కర్చంతా ఆయప్పే సూసుకుంటాడంట. నీ కాళ్లు పట్టుకుంటా."

తోడబుట్టినంతటివాడు బావురుమని ఏడుస్తుంటే ఏ ఆడబిడ్డ మనసు గట్టిగా నిలుస్తుంది చెప్పండి?

ఆసుపత్రిలో నర్సు దెబోరా కాగితం తీసుకుని అడిగింది. "యాడ పడినాడమ్మా?"

"చింతచెట్టు మింద నుంచి."

దెబోరా మునెప్ప చొక్కా వైపు చూసింది. మెడ దాకా సిమెంటు. "ఆషాఢంలో చింతకాయలు యాడివమ్మా?"

"కాయలు కాదమ్మా, చిగురు. పప్పులోకి చిగురు కోయను ఎక్కినాడు."

"సూడమ్మా, పని కాడ పడింటే అట్లే చెప్పు. ఈడ రాసింది రేపు నువ్వొచ్చి అడిగినా మార్చేకి కాదు."

"చెట్టు మింద నుంచే," అంది పూలమ్మ. దెబోరా నిట్టూర్చి అలాగే రాసింది. కింద పూలమ్మ సంతకం చేసింది. పదో తరగతి దాకా చదివిన చెయ్యి మరి!

మొదటి ఆపరేషన్ బిల్లు కాంట్రాక్టరు కట్టాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. మునెప్పకు నడుము కింద చలనం రాలేదు. ముప్పై ఆరేళ్ల మనిషి పక్కకు ఒత్తిగిలాలన్నా ఇంకొకరు పట్టాలి. రెడ్డెప్ప కుప్పంలో వేరే పని ఒప్పుకుని మనుషులతో సహా వెళ్లిపోయాడు. పూలమ్మ బస్సెక్కి అక్కడికే వెళ్లింది.

"అన్నా, కాంట్రాక్టరు మింద కేసు ఏస్తా. జరిగింది జరిగినట్టు వచ్చి చెప్పు. అంతే నేను అడిగేది."

"నేను చెప్తే రేపట్నించి నాకు పనెవురిస్తారమ్మీ? వీళ్లంతా యాడికి పోవాల?" అన్నాడు రెడ్డెప్ప.

మునెప్పను మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టిన నలుగురూ అక్కడే ఉన్నారు. ఆమెను చూసి గమేళాలు ఎత్తుకుని పనిలోకి పోయారు. వాళ్లను కడుపారా తిట్టాలని ఉంది నాకు. కానీ సాక్ష్యం చెబితే రేపు వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగదు.

చివరికి పూలమ్మ తరఫున లాయరు జయరత్నం కార్మిక శాఖ ఆఫీసులో పరిహారం కేసు వేశాడు. విచారణలో కాంట్రాక్టరు తరఫు లాయరు ఆసుపత్రి కాగితం చేతికిచ్చి, "ఈ సంతకం నీదేనా?" అని అడిగాడు.

"నాదే సార్. కానీ ఆ పొద్దు మా అన్న..."

"చింతచిగురుకని చెట్టెక్కినోడికి మా కాంట్రాక్టరు ఎందుకివ్వాలమ్మా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సాక్షులు ఉన్నారా అని అధికారి అడిగాడు. లేరు. పనికి వచ్చినట్టు ఏదైనా రుజువు? అదీ లేదు. నెల తిరక్కుండానే కేసు కొట్టేశారు.

పూలమ్మ ఆఫీసు మెట్ల మీద కూలబడింది. "అన్న జైలుకు పోతాడని అట్ల చెప్తిని సార్. నా మొగుని గొంతు నేనే కోస్తిని!"

"పరిహారం కేసులో ఎవుర్నీ జైల్లో పెట్టరమ్మా," అన్నాడు జయరత్నం. "కట్టాల్సింది మీ అన్న చేత పని చేయించుకున్న కాంట్రాక్టరు. పని చేస్తా పడినాడని తేలితే సాలు, తప్పు ఎవురిదని కూడా సట్టం అడగదు. పైకోర్టుకు పోదాం. కానీ నీకు ఆశ పెట్టలేను."

ఆమె ఇల్లు చేరేసరికి మునెప్ప వాకిలి వైపే చూస్తున్నాడు. "ఏమన్నారు?"

"వాయిదా ఏసినారు," అంది పూలమ్మ. అతను సరేనని కళ్లు మూసుకున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కూలి చేసుకుని బతికే అక్కలారా, అన్నలారా! పని చోట దెబ్బ తగిలితే, పని చోటే తగిలిందని ఆ రోజే చెప్పండి, అలాగే రాయించండి. చుట్టం కోసమని మీరు చెప్పే అబద్ధంతో బతికిపోయేది కాంట్రాక్టరు ఒక్కడే.